ఇంజను ఆపని సరంగు గారు

2016 వానాకాలం. కొవ్వూరు బస్టాండు దగ్గర నా కంప్యూటర్ సర్వీసు షాపు. అప్పట్లో కొత్త కంప్యూటర్ ఇంటికెళ్తే కీబోర్డుకి బొట్టు పెట్టేవారు, మానిటర్ మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పేవారు. ఆ రోజులు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, బెంగగానూ ఉంటుంది. బాగుచేసిన మెషిన్లు చాలావరకు మరిచిపోయాను గానీ అప్పారావు గారి సీపీయూ మాత్రం గుర్తుండిపోయింది.

ఆయన రాజమండ్రి నుంచి పాపికొండల వైపు లాంచీ నడిపిన సరంగు, అంటే చుక్కాని పట్టే మనిషి. ఆ లాంచీలోనే కింద ఇంజను చూసుకున్నవారు ఏసుపాదం గారు. రిటైరయ్యాక కూడా ఇద్దరూ ఒక్క పూట విడిచి ఉండేవారు కాదు. ఆ ఉదయం కూడా ఇద్దరూ తడిసి ముద్దయి వచ్చారు. ఉన్న ఒక్క గొడుగూ సైకిలు మీదున్న సీపీయూకి పట్టారు.

"ఏమైందండీ?" అన్నాను.

"నిన్న పొద్దున్న పాత పాటలు వెతుకుతుంటే సైరన్ కొట్టింది బాబూ. తెరంతా ఎర్రగా అయిపోయింది. వైరస్ వచ్చింది, కంప్యూటర్ ఆపొద్దు, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని రాసుంది. చేశాను. ఎవడో ఫోనెత్తి హిందీలో మాట్లాడాడు. టూరిస్టుల దగ్గర నేర్చుకున్న హిందీ ఉంది కదా, బానే మాట్లాడాను" అన్నారు అప్పారావు గారు, కాస్త గర్వంగానే.

దీన్ని మేం ఫేక్ అలర్ట్ అంటాం. అది వైరస్ కాదు, భయపెట్టడానికి తయారుచేసిన ఒక వెబ్ పేజీ. ఆ పేజీ కదలకపోతే కంప్యూటర్ ఆపేస్తే చాలు. ఆయన ఆపలేదు. వాడు చెప్పినట్టల్లా నొక్కి రిమోట్ యాక్సెస్ ఇచ్చేశారు. అంటే ఎక్కడో కూర్చున్నవాడికి మన కంప్యూటర్ పగ్గాలు అప్పగించడం. చివర్లో వాడు కార్డు నంబరు అడిగాడు. ఈయనకి కార్డే లేదు. ఆ కోపంతో వాడు కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ బిగించి ఫోన్ పెట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది. "వాడు రెండు గంటలు లోపల తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నారా? స్విచ్ కట్టేస్తే పోయేది కదండీ!"

"వరదలో లాంచీ ఏటి నడుమ ఉండగా ఇంజను ఆపితే ఏమవుద్దో మీకు తెలీదు బాబూ. చుక్కాని మాట వినదు. ప్రమాదం వచ్చినప్పుడు నేనెప్పుడూ ఇంజను ఆపించలేదు." తర్వాత మెల్లగా అన్నారు. "అయినా ఉన్నట్టుండి కట్టేస్తే లోపలున్నవన్నీ పోతాయని మీరే చెప్పారు కదండీ?"

చెప్పాను. ఒకసారి కాదు, కంప్యూటర్ అమ్మిన రోజున వేలు చూపించి మరీ చెప్పాను.

అప్పుడు ఏసుపాదం గారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఏదో రాసి నా ముందు పెట్టారు. "నా గొంతు ఉందా?"

ఆయనకి గొంతు ఆపరేషన్ జరిగి అప్పటికి ఏడాది. ఆపరేషన్‌కి ముందు వారం రోజులు అప్పారావు గారు స్నేహితుణ్ణి కూర్చోబెట్టి లాంచీ కబుర్లన్నీ ఫోన్లో రికార్డు చేశారు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే. ఫోన్ నిండిపోయిందంటే అందులోవి తీసేసిందీ నేనే. ఇంకో కాపీ తీసిపెట్టాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆ మనిషి గొంతు ఈ భూమ్మీద ఆ ఒక్క డబ్బాలోనే ఉంది.

హార్డ్ డిస్క్ ఊడదీసి నా మెషిన్‌కి తగిలించాను. పాస్‌వర్డ్ విండోస్ గుమ్మానికే ఉంటే లోపలి సరుకు ఇలా వేరే దారిన తీసుకోవచ్చు. వాడు చెరిపేసి ఉంటే మాత్రం కష్టం. ఫోల్డర్ తెరుచుకునేదాకా ముగ్గురం తెర మీదకి వంగి చూశాం. ఫైళ్లున్నాయి. మొదటిది నొక్కాను.

"గంట విన్నానండోయ్ సరంగు గారూ!"

వేగం పెంచమనో తగ్గించమనో అప్పారావు గారు పైనుంచి గంట కొట్టినప్పుడల్లా, కింద ఇంజను దగ్గర్నుంచి ఏసుపాదం గారు పెట్టిన కేక అది. ఏసుపాదం గారు కళ్లు మూసుకుని ఆ మాటలకి పెదాలు కదిపారు. అప్పారావు గారు మొహం తిప్పుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది.

ఫైళ్లను ఒక పెన్‌డ్రైవ్‌లోకీ, రెండు డీవీడీల్లోకీ ఎక్కించి, విండోస్ కొత్తగా వేసిచ్చాను. ఈసారి సగం కాదు, మొత్తం చెప్పాను. "మామూలప్పుడు పద్ధతిగా షట్‌డౌన్ చెయ్యండి. ఎవడైనా భయపెడితే మాత్రం ముందు స్విచ్ కట్టేయండి. ఆ తర్వాతే నాకు ఫోన్ చెయ్యండి. వాళ్ల నంబరుకి మాత్రం చెయ్యొద్దు."

"నా చెయ్యి ఒప్పుకోదు బాబూ" అన్నారు అప్పారావు గారు. ఏసుపాదం గారు తన గుండె మీద వేలు పెట్టి చూపించుకున్నారు. ఇంజను ఎప్పుడూ ఆయన పనే కదా.

మరుసటేడు ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"బాబూ, మళ్లీ సైరన్ కొట్టింది."

"ఏం చేశారండీ?"

"నేనేం చెయ్యలేదు. నేను ఫోన్ అందుకునే లోపే మా ఏసుపాదం ప్లగ్గు పీకేశాడు."

కస్టమర్లకి సగం జాగ్రత్త చెప్పి పంపడం నేను ఆ కేసుతోనే మానేశాను. ఆ రోజు ఫోన్లో అప్పారావు గారి వెనక లాంచీ గంట ఖంగున మోగింది. మాట పోయిన స్నేహితుడు తనని పిలవడానికి ఆ పాత గంట అప్పారావు గారే ఇచ్చారట.

"విన్నానండోయ్!" అని కేకేశారు సరంగు గారు.