నాన్న రాయి, నా క్రియాటినిన్

ఆ ఉదయం జిమ్ నుంచి వచ్చి మేజోళ్ళు విప్పితే, వాటి అంచు నా పిక్కల మీద గాడి కట్టి ఉంది. వేలితో నొక్కాను. చర్మం లోపలికి దిగింది, వెంటనే పైకి రాలేదు. ఇంటింటా కిడ్నీ జబ్బు ఉన్న ఉద్దానంలో పుట్టినవాడికి ఆ గుంట ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మా నాన్న కాళ్ళ మీద అదే గుంటను నేను చాలాసార్లు నొక్కి చూశాను. ఆయన కిడ్నీ జబ్బుతో కొన్నాళ్ళు డయాలిసిస్ మీద గడిపి పోయారు.

అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. పలాసలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. మా యాజమాన్యం విశాఖపట్నంలో కొత్త కాలేజీ తెరుస్తూ నన్ను ప్రిన్సిపాల్‌గా రమ్మంది. వేసవి సెలవులు ముగిసేలోగా జవాబు చెప్పాలి. ఈ వయసులో ఇలాంటి పిలుపు మళ్ళీ రాదని నాకు తెలుసు. మెడికల్ రిపోర్టు కూడా అడిగారు.

నాకు ఇంకో కోరిక కూడా ఉండేది. యాభై నిండేలోగా నాన్న రాయి ఎత్తాలి.

ఆ రాయి మా ఊరి గ్రంథాలయం అరుగు పక్కన ఇప్పటికీ ఉంది. మా వైపు పండగల్లో సంగిడీల పోటీలు పెడతారు. సంగిడి అంటే జనం ముందు పైకెత్తి చూపించాల్సిన బరువురాయి. నాన్న దాన్ని ఎత్తుతుంటే నేను జీడిచెట్టు కొమ్మ మీద కూర్చుని చూసేవాణ్ణి. గ్రంథాలయంలో ఆదివారాలు చర్చలు జరిగేవి. దెయ్యముందా, జాతకం నిజమా, కులం ఎవరు పుట్టించారు అని పెద్దవాళ్ళు గొంతులు చించుకునేవారు. లోపల నాన్నతో వాదించి ఓడినవాడు బయటికొచ్చి రాయి దగ్గర పరువు దక్కించుకోవాలని చూసేవాడు. అక్కడా నాన్నే గెలిచేవారు. సముద్రపు గాలికి కొబ్బరాకులు గలగలమంటుంటే, చెమటతో మెరిసే ఆయన భుజాలను చూసి నాకు గర్వంతో కడుపు నిండిపోయేది. ఆ తర్వాత ఆయన నన్ను కొట్టుకు పంపేవారు.

"ఒరే, డోసు అట్టుకురా. ఒల్లు నొప్పులని సెప్పు."

కొట్టతను కాగితం పొట్లంలో మూడు రంగుల బిళ్ళలు కట్టి ఇచ్చేవాడు. నేను పరుగెత్తుకొచ్చేవాణ్ణి. అవి ఏ బిళ్ళలని ఎవరూ అడిగేవారు కాదు.

పలాసలో జీడిపప్పు గోదాము పై అంతస్తులో నా బావ దాలినాయుడు జిమ్ నడుపుతాడు. అప్పటికి రెండేళ్ళుగా అక్కడికి వెళ్తున్నాను. కింద నుంచి జీడితొక్క కాలిన వాసన వస్తుంటే బరువులెత్తేవాణ్ణి. చేతులు పుస్తకాల్లో మెత్తబడినవాడికి మొదటిసారి ఇనుము నేల విడిచి లేచినప్పుడు కలిగే సంతోషం చెప్పలేను. బావ ఊరుకునేవాడు కాదు. "ఇంకో పలక ఎక్కించీమంటావేటి బావా?" అనేవాడు. నేను ఎక్కించమనేవాణ్ణి.

కాళ్ళ వాపు చూసి టెక్కలిలో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బీపీ ఎక్కువుంది. రక్తంలో కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ 1.3 లోపు ఉండాల్సింది 1.8 వచ్చింది. మా ప్రాంతంలో ఆ అంకె విన్నవాళ్ళు మాట మానేసి మన ముఖం చూస్తారు. నేను మాత్రం వాదనకు దిగాను. బరువులెత్తేవాళ్ళకు కండ ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ ఎక్కువ చూపించవచ్చని, అది కిడ్నీ తప్పు కాకపోవచ్చని చదివింది చదివినట్టు అప్పజెప్పాను. డాక్టరు ఓపికగా విన్నారు.

"కావచ్చు మాస్టారూ. మరి కాళ్ళ వాపు కూడా కండేనా?"

నా వాదన అబద్ధం కాదు. అది నాకు వర్తిస్తుందనడానికి మాత్రం నా దగ్గర రుజువు లేదు. కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్-సి అనే పరీక్ష ఉందని, అది చేయిద్దామని ఆయనే అన్నారు. అదీ ఎక్కువే వచ్చింది. యూరిన్‌లో ప్రోటీన్ కొద్దిగా పోతోంది. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీల సైజు మాత్రం బాగానే ఉందన్నారు. విశాఖపట్నంలో కిడ్నీల డాక్టరుకు, నెఫ్రాలజిస్టుకు చూపించమని రాసిచ్చారు.

నా భార్య సరోజ, నేను రైల్లో వెళ్ళాం. నెఫ్రాలజిస్టు మాకంటే చిన్నావిడ. మా ఊరి పేరు చూసి నాన్న గురించి అడిగారు. తాగే నీళ్ళ గురించి అడిగారు. ఏం మందులు వాడుతున్నారని అడిగితే ఏమీ లేవన్నాను. నేను అబద్ధమాడలేదు, నిజంగానే అలా అనుకున్నాను.

"మరి ఆ నొప్పి బిళ్ళలేటి?" అంది సరోజ.

"అవి మందులు కావే. ఒళ్ళు నొప్పులకి."

డాక్టరు కలం పక్కన పెట్టారు. ఎన్నాళ్ళుగా, ఎంత తరచుగా అని అడిగారు. నేను లెక్క వెతుక్కుంటుంటే సరోజే చెప్పింది. "ఈయన సొక్కా ఉతికినప్పుడల్లా జేబులో ఖాళీ రేకు దొరుకుతాదండి. ఉతకనప్పటి సంగతి నాకు తెల్దు."

ఏడాదిగా కుడి భుజం నొప్పి. పొద్దున బరువెత్తడానికి ముందు ఒక బిళ్ళ, మధ్యాహ్నం బోర్డు మీదికి చెయ్యి లేవడానికి ఇంకొకటి. జిమ్‌లో బరువూ పెరగాలి, ప్రిన్సిపాల్ పదవికి తగినవాడినని క్లాసులో చురుకూ చూపించాలి. రెంటిలో దేన్నీ తగ్గించకుండా రోజు గడిపించింది ఆ బిళ్ళే.

"పెయిన్ కిల్లర్ మందు కాకపోతే మరేమిటండీ? రోజూ ఇన్ని నెలలు వాడితే కొందరిలో కిడ్నీ దెబ్బతింటుంది, బీపీ పెరుగుతుంది, కాళ్ళు వాస్తాయి. ముందు అవి ఆపండి. ఆపాక ఏం మిగిలిందో చూద్దాం" అన్నారావిడ.

నాన్న బాటలోనే హేతువాదిగా ఎన్ని సభల్లో మాట్లాడాను! తాయెత్తు కట్టేవాణ్ణి నిలదీశాను. అమ్మవారికి కోపమొచ్చిందన్నవాణ్ణి రుజువు చూపించమన్నాను. బోర్ల నీళ్ళ గురించి అధికారులను అడిగాను. ఆ పనులన్నీ సరైనవే, మళ్ళీ చేస్తాను. కానీ అందరినీ అడిగిన ప్రశ్న నా చొక్కా జేబును అడగలేదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే నాన్న పొట్లం గుర్తొచ్చింది. కాగితం మడత, అందులోంచి వచ్చే మందు వాసన, నా పరుగు, ఆయన నా తల నిమరడం. నా చిన్నతనంలో అంత తియ్యటి జ్ఞాపకం మరొకటి లేదు. ఆ పొట్లాలే ఆయన కిడ్నీలను తిన్నాయా? నాకు తెలియదు. ఉద్దానంలో బిళ్ళ మింగనివాళ్ళూ ఈ జబ్బుతో పోయారు. నా ఒక్కడి కథతో మొత్తం ప్రాంతపు జబ్బుకి కారణం చెప్పలేం. సాక్ష్యం లేని మాట నాన్న విషయంలో కూడా అనను. అంత నేర్పింది ఆయనే. అయినా పలాస వచ్చేదాకా సరోజ వైపు తిరగలేకపోయాను.

బిళ్ళలు ఆపిన వారానికి చెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. ఎమ్మారై స్కాన్‌లో, భుజం కండను ఎముకకు కట్టే టెండన్ కొంత చిరిగిందని తేలింది. నొప్పి చెబుతూనే ఉందట, నేనే దాని నోరు మూశాను. ఫిజియోథెరపీలో రబ్బరు పట్టీ లాగమన్నారు. నెలల తరబడి అదే నా బరువు. దాలినాయుడు చూసి, "ఏటి బావా, లంగా బొందు లాగుతన్నావా?" అన్నాడు. నవ్వాను గానీ లోపల మంటెత్తింది.

మొదటి రిపీట్ టెస్టులో క్రియాటినిన్ అనుకున్నంత దిగలేదు. ఆ తర్వాత 1.4కి వచ్చి అక్కడే ఆగింది. "ఇంతకంటే దిగకపోవచ్చు. దీన్ని ఇక్కడే నిలబెట్టడం మన పని" అన్నారు డాక్టరు. బరువులు మానాలా అంటే అక్కర్లేదన్నారు. ప్రోటీన్ పొడులు వద్దు, పోటీ వద్దు, బీపీ మాత్ర తప్పకూడదు.

ఉద్యోగం సంగతి మాత్రం మొదటి రిపీట్ టెస్టు నాడే ఆవిడను అడిగాను. "అది నేను చెప్పలేను. నిద్ర, భోజనం, వ్యాయామం టైముకి ఎక్కడ కుదురుతాయో మీకే తెలుసు" అన్నారు.

నాకు తెలుసు. కార్పొరేట్ ప్రిన్సిపాల్ తెల్లవారుజాము స్టడీ అవర్‌తో లేచి, రాత్రి స్టడీ అవర్‌తో పడుకుంటాడు. అలా బతకడానికి నేను మళ్ళీ ఏదో ఒక బిళ్ళ వెతుక్కుంటాను. సెలవులు ముగియకముందే రాలేనని చెప్పాను. యాజమాన్యం తరఫున వచ్చిన పెద్దాయన నమ్మలేదు. "ఏటి మాస్టారూ, ఇనప ముక్కలెత్తుకోడానికి ప్రిన్సిపాల్ పోస్టు ఒగ్గేసుకుంటారా?" అన్నారు. కాదండీ, ఎత్తినవాటిలో ఒకటి దించుతున్నాను అన్నాను. ఆ పదవి నా జూనియర్‌కు వెళ్ళింది. పలాస స్టేషన్లో విశాఖ వైపు బండి కదులుతుంటే ఇప్పటికీ మనసు కొంచెం గుంజుతుంది. ఆ మాట దాచను.

ఇప్పుడు సాయంత్రాలు జిమ్‌కి వెళ్తాను. గతంలో ఎత్తినదాంట్లో సగం ఎత్తుతాను. నొప్పి వస్తే దించేస్తాను. మొన్న పండక్కి ఊరెళ్ళి నాన్న రాయి మీద చెయ్యి వేశాను. ఎండకి వెచ్చగా ఉంది. ఎత్తలేదు. అరుగు మీద కూర్చుని, నాన్న దాన్ని ఎత్తిన తీరు చుట్టూ చేరినవాళ్ళకు చెప్పాను.

పాఠకులకు ఒక్క మాట. డాక్టరు ఏం మందులు వాడుతున్నారని అడిగితే నోటితో జవాబు చెప్పకండి. బయల్దేరే ముందు నెలరోజులుగా నోట్లో వేసుకున్న ప్రతిదీ, నొప్పి బిళ్ళ, పొడి, ఆకు పసరు, మీరు మందని అనుకోనిది కూడా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళి బల్ల మీద గుమ్మరించండి. గుర్తు రాకపోతే మీ బట్టలు ఉతికేవాళ్ళను అడగండి.

మా ఇంట్లో సరోజ ఇప్పటికీ ఉతికే ముందు నా జేబులు తడుముతుంది. మొన్న విసుక్కుంటూ వచ్చి అరచేతిలో సుద్దముక్క చూపించింది. "తెల్ల సొక్కా మీద సుద్దముక్క మరక కనబడదనుకున్నావేటి?"

జేబులో ఇంకేం దొరికిందని అడిగాను. ఇంకేమీ లేదంది.