సుమంగళ మేడమ్ నాలుగో గేరు

సుమంగళ గురించీ, ఆమె తెల్ల కారు గురించీ రాయచూరులో చెప్పుకొనే మాటల్లో కనీసం అయిదు అసత్యాలున్నాయి. ఆ కారుకు ఘోర ప్రమాదం జరిగిందనేది మొదటిది. భర్త విజయేంద్ర మీద అలిగి ఆమె కారును గోరేబాళ అనే పల్లెలో దాచిపెట్టిందనేది రెండోది. సినిమావాళ్లకు పేల్చివేయడానికి ఇచ్చిందనేది మూడోది. బెంగళూరు అవతల జరిగిన పోటీలో మగవాళ్లందరినీ వెనక్కి నెట్టి కప్పు తెచ్చిందనేది నాలుగోది. దీన్ని ఆమె శిష్యులే ప్రచారంలో పెట్టారు; అభిమానంలోంచి పుట్టినంత మాత్రాన అబద్ధం నిజం కాదు. ఇక అయిదోది, ఆమెకు కారు నడపడం పుట్టుకతో వచ్చిన విద్య అనేది. దీన్ని అందరికన్నా గట్టిగా నమ్మింది సుమంగళే.

ఇరవై ఒక్క ఏళ్లుగా ఆమె రాయచూరులో డ్రైవింగ్ స్కూలు నడుపుతోంది. తక్కువలో తక్కువ రెండు వేల మంది ఆమె దగ్గర నేర్చుకున్నారు. నేర్పే మనిషి కూర్చునేది ఎడమవైపు సీట్లో. ఆ సీటు ముందు నేలమీద రెండు అదనపు పెడళ్లు ఉంటాయి, ఒకటి క్లచ్, ఒకటి బ్రేకు. నేర్చుకొనేవాడు తప్పు చేయబోతే నేర్పేవాళ్లు అక్కడినుంచే బండి ఆపుతారు. పొద్దున్నే మొదటి విద్యార్థి ఇంటికి వచ్చి స్టీరింగు పట్టేవాడు. సాయంత్రం చివరి విద్యార్థి కారును ఇంటిముందు నిలిపి తాళంచెవి ఇచ్చి పోయేవాడు. బజారు పనులకు ఆమెకు స్కూటర్ ఉంది, ఊరి ప్రయాణాలకు బస్సు ఉంది. ఈ ఏర్పాటులో వింత ఏమిటో ఆమెకు గాని, ఊరికి గాని ఎన్నడూ తట్టలేదు.

తెల్ల కారుకు పదిహేనేళ్లు నిండాయి. ఇక దానిమీద నేర్పడానికి వీల్లేదని రవాణా ఆఫీసువాళ్లు అన్నారు. స్కూలుకు కొత్త కారు వచ్చింది. పాతదాన్ని తుక్కు కింద కొనడానికి వచ్చిన మనిషి బానెట్ మీద చెయ్యి వేసేసరికి సుమంగళ ఆ చేతిని మర్యాదగా తీసి పక్కన పెట్టింది.

"నాలుగు గేర్లున్న బండి. పదిహేనేండ్లల్ల నాలుగోది ఒక్కనాడన్న పడలె. దాన్ని గిట్లనే తుక్కుల కలుపుతనా?" అంది.

మెకానిక్ యల్లేశ్ ఇంజను మూత తెరిచి చాలాసేపు చూశాడు. "అక్కా, గీ ఇంజను ఇంకా నిద్రనే లేవలె. మూడు నెలలకొకసారి నూనె మార్చి, మంచిగ పండుకోబెట్టినవ్," అన్నాడు.

బెంగళూరు అవతల ఒక రేస్ ట్రాక్ ఉందనీ, పాత చిన్న కార్ల కోసం అక్కడ ఏటా ఒక రోజు కేటాయిస్తారనీ, మామూలు మనుషులు సొంత బండి తెచ్చుకొని మూడు చుట్లు తిరగవచ్చుననీ ఒక విద్యార్థి చెప్పాడు. సుమంగళ నిర్ణయం ఆ వారంలోనే అయిపోయింది. కారు రిజిస్ట్రేషను రద్దు చేయించింది. ఇక అది రోడ్డెక్కదు. ట్రాక్ కోసమే బతుకుతుంది. ఆ కారును తన చేత్తో, నాలుగో గేరులో, ఒక్కసారి నడపాలి. ఆమె కోరినది అంతే.

ట్రాక్‌వాళ్లు పంపిన నిబంధనలను ఆమె విద్యార్థుల చేత రోడ్డు గుర్తులు వల్లె వేయించినట్లే తానూ వల్లె వేసింది. వెనక సీటు తీయించింది, ఎడమ సీటు తీయించింది, తలుపుల లోపలి అట్టలు, నేలమీది పరుపు, కప్పుమీది స్కూలు బోర్డు, ఎడమవైపు రెండు పెడళ్లు, అన్నీ తీయించింది. విడదీసినవన్నీ గంజ్ మార్కెట్‌లో పత్తి తూచే కాటా మీద పెడితే డెబ్బై ఆరు కిలోలు తూగాయి.

"బావకన్న ఎక్కువున్నయ్," అన్నాడు యల్లేశ్.

"మీ బావ గూడ కార్ల కూసోడు ఇగ. మొత్తం కలుపుకో," అంది సుమంగళ.

బోల్తా పడినా కప్పు అణగిపోకుండా యల్లేశ్ లోపల ఇనుప గొట్టాలతో పంజరం అతికాడు. రెండు భుజాల మీదుగా వచ్చే బెల్టు బిగించాడు. మంటలార్పే సిలిండరు పెట్టాడు, బ్రేకులన్నీ కొత్తవి వేశాడు. దీపాల అద్దాలు పగిలినా ముక్కలు ట్రాక్ మీద రాలకుండా తెల్ల టేపును అడ్డంగా, నిలువుగా అంటించాడు. సాధన చేయడానికి గోరేబాళలో పొలం దొరికింది. సుమంగళ పాత శిష్యుడు ధర్మతేజ కుటుంబానిది. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేస్తున్నవాళ్లు. రెండో పంట కోతలయ్యాయి, నేల గట్టిపడింది. ఒక గురువారం నాడు కారును ట్రాక్టరు ట్రాలీ మీదికి ఎక్కించి, నడి బజారు గుండా గోరేబాళకు పంపారు.

సీట్లు లేని కారు, నంబరు పలక లేని కారు, కళ్లకు తెల్ల పట్టీలున్న కారు ట్రాలీ మీద పోవడం ఊరంతా చూసింది. మధ్యాహ్నానికి విజయేంద్ర మందుల దుకాణం ముందు పరామర్శకులు బారులు తీరారు. ఎన్ని కుట్లు పడ్డాయని అడిగినవాళ్లకు ప్రమాదమేమీ జరగలేదని ఆయన తొలి గంట వివరంగా చెప్పాడు. రెండో గంట నుంచి "ఇప్పుడు నయమే" అని ఊరుకున్నాడు. ఈ మాటే మొదటి అసత్యానికి ప్రధాన సాక్ష్యమయింది. కారు మళ్లీ ఇంటికి రాకపోవడం రెండోదానికి, లోపలి ఇనుప పంజరం మూడోదానికి ఆధారాలయ్యాయి.

విజయేంద్ర అక్క అంబుజ బత్తాయిల సంచితో నేరుగా ఇంటికే వచ్చింది. తలుపు తీసింది సుమంగళే.

"ఏంది సుమంగళా, నడుస్తున్నవా?"

"నడవకేం వదినా?"

"కారు అంత నుజ్జునుజ్జయిందంట గద! కండ్లకు పట్టీలు గూడ కట్టిండ్రంట!"

"అవి కారు కండ్లు వదినా, నావి గావు."

"మరి సీట్లేవి?"

"మేమే తీసినం."

"నంబరు?"

"రోడ్డు మీద పోనిదానికి నంబరెందుకు?"

అంబుజ కుర్చీలో కూలబడింది. "మంత్రాలయం గూడ పోదా?"

"ట్రాలీ మీద ఎక్కిస్తే పోతది."

"మనం కార్ల కూసొని దేవుని తాన పోవాలె గని, కారు ఇంకోదాని మీద కూసొని పోతదా? ఇజ్జత్ తీస్తివి." అంబుజ లేచి సంచి చేతిలోకి తీసుకుంది. "గిన్ని పండ్లు పట్కొస్తి. దెబ్బ గూడ తగల్లె నీకు." నొచ్చుకున్నట్లే అని, నాలుగు బత్తాయిలు బల్ల మీద పెట్టి, మిగిలినవి తీసుకొని వెళ్లిపోయింది.

ఆదివారం నాడు గోరేబాళలో ధర్మతేజ ఎరువుల ఖాళీ సంచుల్లో మట్టి నింపి, పొలంలో మలుపులు గుర్తుపెట్టాడు. రాయచూరులో డిగ్రీ చదివేటప్పుడు అతను సుమంగళ దగ్గర మూడు నెలలు నేర్చుకున్నాడు. రెండుసార్లు పరీక్ష తప్పాడు. గురువు కారు నడపడం చూసి తరిద్దామని ఇంటిల్లిపాదినీ గట్టు మీద కూర్చోబెట్టాడు.

కారు బయలుదేరింది. మొదటి మలుపు ఎలాగో దాటింది. రెండో మలుపు దగ్గర వేగం తగ్గవలసినచోట ఒక్క దూకు దూకి, సంచులను తన్నుకుంటూ పోయి గడ్డివాములో సగం వరకు దిగబడింది.

ధర్మతేజ పరుగెత్తాడు. "మేడమ్! బ్రేకెయ్యలేదేంటండీ?"

లోపలి నుంచి, గడ్డి మధ్యనుంచి, గంభీరమైన గొంతు వచ్చింది. "ఏసిన."

"వేస్తే ముందుకు దూకిందేంటండీ మరి?"

"అది యల్లేశ్‌ను అడగాలె."

మరుసటి ఆదివారం యల్లేశ్ పానాల పెట్టెతో వచ్చాడు. రెండు గంటలు బ్రేకులు విప్పి చూశాడు. ఏ లోపమూ కనబడలేదు. గట్టు మీద కూర్చొని ఆలోచించి, ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు.

"కండ్లు మూస్కో అక్కా. ఇగ, బర్రె అడ్డమొచ్చింది! బ్రేక్!"

సుమంగళ కుడికాలు మెరుపులా కదిలింది. కుడి చివరనున్న పెడల్‌ను నేలకు అదిమింది. ఇంజను గావుకేక పెట్టింది. కుడి చివరన ఉండేది యాక్సిలరేటరు.

మళ్లీ చేయించాడు. మళ్లీ అదే. సందేహం మిగలకుండా మూడోసారి కూడా చేయించాడు. ఎడమవైపు సీటు ముందు పెడళ్లు రెండే. అక్కడ కుడి చివరనుండేది బ్రేకు. ఇరవై ఒక్క ఏళ్లు ఆమె కుడికాలు కాపురం చేసింది దానిమీదనే.

యల్లేశ్ గొంతు సవరించుకున్నాడు. "అక్కా, ఒక మాట అడుగుత, నారాజ్ కావొద్దు. నీకు కారు నడపొస్తదా?"

ఇన్నేళ్లలో ఎవరూ వేయని ప్రశ్న అది. సుమంగళ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, సాక్ష్యమంతా తూచి చూసింది. లైసెన్సు తీసుకున్న ఏడాది నడిపింది. ఆ తరువాత నడిపించింది.

"రాదనుకుంట," అంది.

ట్రాక్ రోజుకు ఏడు వారాలే ఉన్నాయి. చేతగాక మానుకున్నానని చెబితే ఎవరూ తప్పు పట్టరు. ఊరికి అసలు కారణం చెప్పనక్కర కూడా లేదు. తనకు మాత్రం తెలుస్తుంది. సోమవారం కొత్త కారులో విద్యార్థి పక్కన కూర్చొని "బ్రేకు యాడుంది?" అని గద్దించబోయి ఆమె నోరు మూసుకుంది. ఆ సాయంత్రమే ధర్మతేజకు ఫోను చేసింది.

"ఎడమ సీటు మళ్ల బిగియ్యి. పెడళ్లు గూడ. నువ్వు కూసో. నాకు నేర్పు."

వినయంగా వచ్చింది జవాబు. "తప్పకుండానండీ. ఫీజక్కర్లేదు. తిట్లు మాత్రం అన్నీ ఉన్నాయండీ, తొమ్మిదేళ్లబట్టి భద్రంగా దాచాను."

మాట తప్పలేదు అతను.

"అది కాలాండీ, తిరగలి రాయా? మెల్లగా!"

"గా మాట నాదే గద."

"మీదేనండీ. బ్రేకెక్కడుంది మేడమ్, అత్తారింట్లోనా?"

"గిదీ నాదే."

"అద్దం చూడండి. మొహం బానే ఉంది, వెనకాల ఏమొస్తుందో చూడండి."

"గా మాట నీకెన్నడు చెప్పలె నేను!"

"మా బ్యాచ్ అమ్మాయిలకి చెప్పేవోరండీ. వెనక సీట్లోంచి విన్నాను."

మొదటి ఆదివారం అతను తన బ్రేకును ఇరవై సార్లకు పైగా తొక్కాడు. రెండో ఆదివారం తొమ్మిదిసార్లు. మూడోవారం ఆమె యాక్సిలరేటరు ఉన్నచోట బ్రేకు కోసం వెతకడం మానింది. పాదమే ఒక పెడల్ ఎడమకు జరిగి వస్తోంది. నాలుగోవారం అతని కాలుకు ఒక్కసారే పని పడింది, అదీ నిజంగానే బర్రె అడ్డం వస్తే. అయిదో ఆదివారం సాధన ముగిశాక అతను పానా తీసుకొని ఎడమ పెడళ్ల దగ్గర వంగాడు.

"ఏంది, విప్పుతున్నవా?"

"ఇయ్యాళ నా కాలికి పనే లేదండీ. ఉత్త బరువెందుకు?"

"ఇంకొక్క వారం ఉండనియ్యి."

"మూడోసారి పరీక్షకెళ్లమంటే నేనూ ఇదే అన్నానండీ. మీరేమన్నారో గుర్తుందా?"

గుర్తుంది కాబట్టే ఆమె కారు దిగి అతనికి చోటిచ్చింది. బోల్టులు ఊడాయి. సీటు బయటికి వచ్చింది. ఆరోవారం ఆమె పొలంలో ఒంటరిగా నడిపింది. ధర్మతేజ గట్టు మీద కూర్చొని, అలవాటు కొద్దీ గడ్డిలో కాలు అదుముతూ ఉన్నాడు.

ట్రాక్ దగ్గర తనిఖీ అధికారి బ్యాటరీని పట్టి గుంజాడు, బెల్టు లాగి చూశాడు, గొట్టాల అతుకులను వేలితో తడిమాడు. ఎడమవైపు పెడళ్లు ఊడదీసినచోట రేకు కొట్టి మూసిన రంధ్రాలను చూసి ఇదేమిటన్నాడు. యల్లేశ్ చెప్పాడు. అధికారి సుమంగళను ఒకసారి, కారును ఒకసారి చూసి, అద్దం మీద ఆకుపచ్చ స్టిక్కరు అంటించాడు.

ఆ విడతలో పన్నెండు కార్లు. మొదటి చుట్టు ఆమె రెండు, మూడు గేర్లలోనే పూర్తి చేసింది. ప్రతి మలుపుకు ముందూ ఇండికేటరు వేసింది. జెండా పట్టుకున్న మనిషి తరువాత ఎందుకని అడిగితే "మలుపుంది గద?" అని ఎదురు ప్రశ్న వేసింది. రెండో చుట్టులో, అన్నిటికన్నా ఇరుకైన మలుపు దగ్గర ఒక ఎర్ర కారు రాసుకున్నంత దగ్గరగా దాటిపోయింది. గడ్డివాము దగ్గర కదిలినంత వేగంగానే ఆమె కుడికాలు కదిలింది. బ్రేకు మీదనే పడింది. కారు నిక్కి, సర్దుకొని, మలుపు తిరిగింది.

మూడో చుట్టులో పొడుగాటి బాట ఖాళీగా కనబడింది. ఆమె మూడో గేరులో ఇంజను గొంతు మారేవరకూ ఓపిక పట్టింది. తరువాత క్లచ్ తొక్కి, గేరు కర్రను వెనక్కి లాగింది. ఎక్కడా కిర్రుమనలేదు. బాట చివర వరకూ ఆమె కాలు తీయలేదు, తీయవలసినచోట తీసింది.

దిగగానే యల్లేశ్ అడిగాడు. "ఎట్లుంది అక్కా?"

సుమంగళ హెల్మెట్ విప్పి, చెమట తుడుచుకుంది. "కొత్తగ నేర్చుకున్నోళ్లు నడిపినట్ల ఉంది," అంది.

సమయాల చీటీ ప్రకారం ఆమెది పదకొండో స్థానం. పన్నెండో కారు రేడియేటరు పగిలి మధ్యలోనే ఆగింది కాబట్టి, గమ్యం చేరినవాళ్లలో ఆమెదే చివరి స్థానమని చెప్పడం న్యాయం. ఆమె మూడో చుట్టు మొదటిదానికన్నా పందొమ్మిది సెకండ్లు తక్కువలో పూర్తయిందని కూడా అదే చీటీలో ఉంది.

కాబట్టి తేలేది ఇది. సుమంగళ ఎవరినీ ఓడించలేదు. నలభై ఆరేళ్ల వయసులో, ఇరవై ఒక్క ఏళ్లు ఇతరులకు నేర్పిన పని తనకు రాదని ఒప్పుకొని, తన శిష్యుడి దగ్గర నేర్చుకుంది. తాను సిద్ధం చేయించిన కారును మూడు చుట్లు తానే నడిపి, తెచ్చినంత క్షేమంగా వెనక్కి తెచ్చింది.