కంబళి కింద కచేరీ

మా ముత్తాతను బాగేపల్లి దిక్కున గొడుగు నరసప్ప అనేవారు. ఎండ ఉన్నా లేకున్నా ఆయన వెనక గొడుగు పట్టుకొని ఒక మనిషి నడవాల్సిందే. ఆయన కొడుకు, మా తాత, మూడు గ్రామాల శిస్తు అనుభవించే జోడీదారు. పేరున్న విద్వాంసులు మా ఇంటి ముందరి పడసాలలో పాడి, శాలువా కప్పించుకొని పోయేవారు. నా వంతు వచ్చేసరికి గ్రామాలు సర్కారుకు పోయాయి, గొడుగు చిరిగింది, నిటారుగా నడిచే అలవాటు ఒక్కటే మిగిలింది. (అది ఇప్పటికీ ఉంది. డాక్టరు దాన్ని వెన్నునొప్పి అంటున్నాడు.)

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. మంచం పట్టిన మా అవ్వకు ఒకటే కోరిక: తాత కాలంలో మా ఇంట్లో పాడిన ఒక విద్వాంసుడి గొంతు ఇంకొక్కసారి వినాలని. ఆయన ఆ యేడు శ్రీరామనవమికి చింతామణి సత్రంలో పాడబోతున్నాడు. ఇంటికి పిలిచే తాహతు మాకు లేదు. "నేను రికార్డు చేసుకొస్తానవ్వా" అనేశాను. అనేశాకే ఆయన కోపం గుర్తొచ్చింది. ఎవరో తుమ్మారని చిక్కబళ్ళాపురంలో పల్లవి మధ్యలో లేచిపోయిన మనిషాయన. అనుమతి అడగబోతే నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, "జోడీదారు మనవడివి, కాదనలేను. ఆ పెట్టె చప్పుడు నా చెవిన పడిందో, ఆడికే ఆపి లేచిపోతా" అన్నాడు.

బెంగళూరు చిక్కపేటలో పాత యంత్రాలమ్మే శెట్టి నా ముందు రెండు టేపు రికార్డర్లు పెట్టాడు. ఒకటి చిన్న రేకు పెట్టె. దాంతో మంచి మైకు, ముప్పై అడుగుల వైరు. రెండోది ఇత్తడి మూలల టేకు పెట్టె, పచ్చగా వెలిగే కన్ను. దానికి సబ్బుబిళ్లంత మైకు, ఆరడుగుల వైరు. ధర రెండింటికీ ఒకటే.

"పాటను పట్టేది మైకు సామీ, పెట్టె కాదు. చిన్నదే తీసుకోండి."

"రేకు డబ్బాలు మా ఇంట్లో వాకిలి దాటి లోపలికి రావు."

"అట్లయితే మీరు పాటకు కాదు, పడసాలకు కొంటాండారు" అన్నాడు. విననట్టు నిలబడ్డాను. ఆ విద్య మా వంశంలోనే ఉంది.

సత్రంలో టేకు పెట్టె వేడెక్కగానే తేనెపట్టు కదిలినట్టు గుయ్‌మంది. వేదిక దగ్గర పెడితే ఆయన లేచిపోతాడు. దూరంగా పెడితే మైకు వైరు చాలదు. చివరికి చిట్టచివరి స్తంభం వెనక కూర్చుని, పెట్టె మీదా నా మీదా కలిపి గొర్రె కంబళి కప్పుకున్నాను. ఎవరైనా తొక్కుతారేమోనని మైకును నా మోకాలి పక్కనే, కంబళి అంచున తల బయట పెట్టించాను. (గొడుగు నరసప్ప మునిమనవడు, చైత్రమాసంలో, కంబళి కింద.) కరెంటు తగ్గినప్పుడల్లా చక్రాలు నీరసించేవి, పచ్చకన్ను మూతపడేది, నా ప్రాణం సగం పోయేది. బయట ఎవరో ముసలాయన, "ఎవురప్పా ఆడ, చలిజ్వరమా?" అన్నాడు. "ఊ" అన్నాను. "పాపం, జ్వరంలో కూడా పాటకొచ్చినాడు చూడు" అని పక్కవాళ్లకు చెప్పాడు. విద్వాంసుడు మాత్రం లేవలేదు. మంగళం దాకా పాడాడు.

మరునాడు అవ్వ మంచం పక్కన టేపు తిప్పాను. మొదట గుయ్‌మనే మోత. దాని వెనక ఎక్కడో దూరంగా, బావిలోంచి వచ్చినట్టు విద్వాంసుడు. అందరికంటే దగ్గరగా, స్పష్టంగా, నేను: "తిరుగుతాండాదా... తిరుగుతాండాది... అయ్యో, తగ్గిపాయె... నరసింహస్వామీ, ఆపొద్దు సామీ... ఇటుపక్కే చూస్తాండాడు, సచ్చినా..." టేపు పొడుగునా అదే.

సిగ్గుతో ఆపబోతే అవ్వ నా చేయి పట్టుకుంది. "ఉండనీ నాయనా. ఆయప్ప పాట శానాసార్లు ఇన్నాను. ఈ ఇంటి మొగోళ్లు భయపడేది ఇదే మొదటిసారి ఇనేది. గ్రామాలు పోయిననాడు మీ తాత నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. లోపల ఎంత భయముండెనో." నా చేయి వదిలి, "ఇంగోసారి పెట్టు" అంది.

ఆ కంబళి కింది కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. అంత బాహాటంగా భయపడటం నాకు మళ్లీ చేతకాలేదు. అవ్వ కన్నుమూసిన యేడు ఆ పెట్టెను చింతామణిలో మైకుసెట్లు అద్దెకిచ్చే ఆయనకు అమ్మేశాం. టేపు అందులోనే పోయింది.