ఆఖరి పాదం రాని ఫాదర్

మా చర్చి ఫాదర్‌గారికి కవిత్వం వచ్చు, ఆఖరి పాదమే రాదు. మూడు పాదాలు గడగడా చెప్పేస్తారు. నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఎదురుగా ఎవరుంటే వాళ్లని, "తర్వాతేంటంటావ్?" అని అడుగుతారు. ఆ ఉన్నది బిషప్‌గారైనా సరే, కుళాయి బాగుచేసే మనిషైనా సరే.

ఒకసారి పళ్ల డాక్టరు కుర్చీలో పడుకుని, నొప్పి మీద మూడు పాదాలు కట్టారు. నోట్లో దూది ఉండడంతో డాక్టరుకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. దూది తీయించి మళ్లీ చెప్పారు. పాపం ఆ డాక్టరు పటకారు పట్టుకుని చాలాసేపు ఆలోచించి, పద్యం పూర్తి చేశాకే పన్ను పీకాడు. మా అక్కయితే ఫాదర్‌గారు కనిపిస్తే రోడ్డు దాటేస్తుంది. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చానురా. ఇప్పుడీయనకి పాదం ఎక్కణ్ణుంచి తేను?" అంటుంది.

నేను ఆ చర్చిలో ఆర్గాన్ వాయిస్తాను. అయితే కవినని చెప్పుకోవడమే నాకు ఎక్కువ ఇష్టం. నా కవితాసంపుటి అచ్చయింది కూడా. దాని ప్రతులు ప్రస్తుతం మా మంచం కోడు కింద ఉన్నాయి. మంచం ఇప్పుడు కదలడం లేదు. నా కవిత్వం నిలబెట్టింది ఇంతవరకూ దాన్నొక్కదాన్నే.

ఫాదర్‌గారు అడిగినప్పుడల్లా గొంతు సవరించుకుని, "దివ్యకరుణాకల్లోలినీ తరంగ..." అని ఎత్తుకునేవాణ్ణి. ఆయన శ్రద్ధగా విని, "ఇంకోటేదైనా చూద్దాం" అనేవారు. సొంత పద్యం పూర్తి చేసుకోలేని మనిషి నాకు వంక పెట్టడమేమిటని లోపల్లోపల ఉడికిపోయేవాణ్ణి.

మా చర్చి పక్కవీధి టైలర్, భార్య పోయిన దగ్గర్నుంచి పూజకి రావడం మానేశాడు. ఎవరైనా అడిగితే పైకి చూపించి, "ఆయనకీ నాకూ మాటల్లేవు" అనేవాడు. ఒకనాడు ఫాదర్‌గారు అంగీ అంచు కుట్టించుకోవాలని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు.

"అంచు బాగానే ఉంది కదండీ" అన్నాను.

"ఊడుతుందిలే" అని వంగి, తనే లాగేశారు.

కొట్లో రెండు మిషన్లు ఉన్నాయి. ఒకదాని మీద గుడ్డ కప్పి ఉంది. టైలర్ ఆయన తీసిచ్చిన అంగీ అందుకుని రెండోదాని ముందు కూర్చున్నాడు. ఫాదర్‌గారు మొదలుపెట్టారు.

"ప్రభువా, ఎంత ఓపికగా కుట్టావు మమ్మల్ని,
అంచుకు అంచు కలిపి,
దారం కూడా పైకి కనపడకుండా..."

కళ్లజోడు నుదుటి మీదికి వెళ్లింది. "తర్వాత రావట్లేదయ్యా. తర్వాతేంటంటావ్?"

మిషను ఆగింది. టైలర్ తలెత్తలేదు. "అంత బాగా కుట్టినవాడివి ఎందుకు విప్పావని అడగండి."

"కుట్టుపని సంగతి నాకేం తెలుసు? నువ్వే అడుగు."

టైలర్ గుడ్డ కప్పిన మిషను వైపు చూశాడు. తర్వాత పైకప్పు వైపు చూశాడు. "ఎందుకు విప్పావయ్యా?" అన్నాడు.

పాదం పొట్టిగా ఉందని చెప్పబోయాను. ఫాదర్‌గారు నా కాలు తొక్కి, "ఆమెన్" అన్నారు.

బయటికొచ్చాక కుంటుతూ అడిగాను. "ఆఖరి పాదం మీకు నిజంగా రాదా?"

"రాకేం? ప్రార్థన చెయ్యండంటే ఎవరూ నోరు తెరవరు. పద్యం ఆగిపోయిందంటే మాత్రం ఊరుకోలేరు."

"మరి నాదెందుకు ఒక్కటీ తీసుకోలేదు?"

"నీ పాదాలు వింటే పైనున్న ఆయన నిఘంటువు వెతుక్కోవాలి."

ఆదివారం టైలర్ చర్చికొచ్చాడు. రాజీకి రాలేదట, జవాబు వినడానికొచ్చాడట. ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఫాదర్‌గారు ప్రసంగం ముగిస్తూ, "ప్రభువా, నిన్ను పొగడాలని ఉంది, మంచి మాట కోసం ఇల్లంతా వెతికాను, ఎంత వెతికినా..." అని ఆగి, నా వైపు తిరిగారు.

చర్చి అంతా నన్నే చూస్తోంది. గొంతు సవరించుకున్నాను. కరుణ, కల్లోలిని, తరంగం ఒక్కటీ నోటికి అందలేదు. "రావడం లేదు, ఫాదర్" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "బ్రహ్మాండం. అదే ఉంచుదాం" అని, పాట మొదలుపెట్టమన్నారు.