అత్తమ్మ డబ్బా, నా నాజూకు

ఇప్పుడంటే ఫోన్‌లో ఎవరిని చూసి ఎవరు కడుపు మాడ్చుకుంటున్నారో చెప్పలేం గానీ, రెండువేల పదమూడు ప్రాంతంలో మా చిక్కడపల్లి ఆడవాళ్ల విషయంలో ఆ పని ఆదివారం పేపర్‌తో వచ్చే రంగుల పుస్తకమే చూసుకునేది. మధ్యాహ్నం టీవీ దానికి తోడు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, అయిదో నెల. ఒక ఆదివారం ఆ పుస్తకంలో ఎవరో హీరోయిన్ ఫోటో వేశారు. కాన్పయి నలభై రోజులైనా కాలేదట, పెళ్లికి ముందు రోజుల్లోలాగే సన్నగా నిలబడి నవ్వుతోంది. నెలలు నిండేదాకా నోరు కట్టుకోవడమే తన రహస్యమని కింద రాశారు. (ఆవిడకు వంటమనిషి, వ్యాయామం చేయించే మనిషి, ఫోటోలో నడుమును చెక్కే మనిషి ఉంటారని మాత్రం రాయలేదు.) ఆ కాగితం కత్తిరించి బీరువాలో చీరల కింద దాచుకున్నాను. నేనూ అలాగే ఉండి తీరాలని ఆ పూటే నిశ్చయించుకున్నాను.

అడ్డమల్లా మా అత్తమ్మ. కడుపుతో ఉన్న కోడలు సన్నగా కనబడితే అది తన వంటకు జరిగిన అవమానమనుకునే మనిషి. హిమాయత్‌నగర్‌లో నా ఆఫీసుకని మూడు గిన్నెల స్టీలు డబ్బా కట్టిచ్చేది. కింద అన్నం, మధ్యలో నెయ్యి పోసిన ముద్దపప్పు, పైన కూరో గుడ్లో. సాయంత్రం మూత తీసి చూసి, ఖాళీగా ఉంటేనే నాతో మాట్లాడేది. పారబోయడానికి నాకు మనసొప్పలేదు. (అన్నం పారబోస్తే పాపమన్న భయం ఉంది గానీ, కడుపులో బిడ్డను పస్తు పెడితే ఏమవుతుందన్న జ్ఞానం లేదు.) సరిగ్గా అప్పుడే, ఆఫీసుకు వెళ్లే దారిలో మా చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద ఒక అమ్మాయి కనబడింది. ఊరి నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ సర్కారు ఉద్యోగం పరీక్షలకు చదువుతోంది. పొద్దున పూట టీలో బన్ను ముంచుకుని తింటోంది. మధ్యాహ్నానికి ఉంచుకోమని డబ్బా ఇవ్వబోతే, ఊరికే ఎందుకు తీసుకుంటానని వెనక్కి జరిగింది. నా నోటికి అబద్ధం తడుముకోకుండా వచ్చేసింది. కాన్పయ్యేదాకా చదువుకునే పిల్లకు అన్నం పెడతానని మొక్కుకున్నానన్నాను. మొక్కు అనగానే ఆ పిల్ల డబ్బాను కళ్లకద్దుకుంది.

అక్కడి నుంచి రోజూ పొద్దున డబ్బా ఇవ్వడం, సాయంత్రం ఖాళీది తీసుకోవడం. నాకు రెండు బిస్కెట్లు, ఒక జామకాయ. ఏడో నెలలో శ్రీమంతమైన వారానికే నారాయణగూడ డాక్టరమ్మ స్కాన్ రిపోర్టు చూసి, బిడ్డ నెలలకు తగ్గట్టు పెరగడం లేదంది. ఏం తింటున్నావని అడిగితే నేను నోరు విప్పేలోపే అత్తమ్మ నెయ్యితో సహా అంతా అప్పజెప్పింది. డాక్టరమ్మ నా వైపు అదోలా చూసింది. ఇంటికొచ్చాక అత్తమ్మ వంటింట్లో పీట మీద కూలబడి, "నా చేతి వంటల సత్తువ లేనట్టుంది బిడ్డా," అంది. బిడ్డకేమైనా అయితే ఎలాగన్న భయం నాకు అప్పుడు పట్టుకుంది.

ఇక తిందామని మర్నాడు గట్టిగా అనుకునే బయల్దేరాను. అత్తమ్మ డబ్బాకు నాలుగో గిన్నె కూడా తగిలించింది. మెట్ల దగ్గర ఆ పిల్ల నవ్వుతూ చెయ్యి చాచింది. మొక్కు మధ్యలో ఆపితే? అది నేను అల్లిన మొక్కేనని నాకు తెలుసు. అయినా రెండు నెలలుగా నడుస్తున్నది ఎంతోకొంత నిజమైపోయి ఉంటుందేమో, ఆపితే బిడ్డకే తగులుతుందేమోనని వణుకు. నాలుగు గిన్నెలూ ఇచ్చేసి, బిస్కెట్లు మాత్రం నాలుగు తిన్నాను.

ఆ ఆదివారం తలుపు చప్పుడైతే అత్తమ్మ తీసింది. బత్తాయిల సంచీతో ఆ పిల్ల. డబ్బా మీద చెక్కిన మా మామయ్య పేరు పట్టుకుని కిరాణా కొట్లో అడిగి వచ్చిందట. అత్తమ్మ కాళ్లకు దండం పెట్టి, "అమ్మా, మెస్సుల నీళ్లపప్పు తిని చక్కరొచ్చి కండ్లు తిరిగి పడుతుంటి. మీ మొక్కు అన్నం తిన్నకాడికెల్లి నాలుగు కిలోలు పెరిగిన," అంది. అత్తమ్మ ఆ పిల్ల బుగ్గలు చూసింది, నా మొహం చూసింది. నేను అక్కడే ఏడ్చేసి, బీరువాలో దాచిన కాగితం తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టాను. తిడుతుందనుకున్నాను. కళ్లద్దాలు పెట్టుకుని ఆ హీరోయిన్ ఫోటో చూసి, నిజంగానే జాలిపడుతూ అడిగింది. "ఈ పిల్లకు ఇంట్ల ఎవ్వరు అన్నం పెడ్తలేరా?"

తీర్పు కూడా అప్పుడే అయిపోయింది. "రేపటికెల్లి రెండు డబ్బాలు కడ్త. ముందుగాల ఈమె తినాలె, నువ్వు కూసోని చూడాలె. ఈమె తిన్నంకనే నీ డబ్బ మూత తియ్యి," అని ఆ పిల్లతో చెప్పింది. ఆ పిల్ల దాన్ని కూడా మొక్కులాగే పాటించింది. మధ్యాహ్నం ఒంటిగంటకు నారాయణగూడ మీదుగా నడిచొచ్చి, మా ఆఫీసులో నా ఎదురుగా పుస్తకం తెరుచుకుని కూర్చునేది. "అక్కా, ఆ ఒక్క ముద్ద మిగిలింది," అనేది తలెత్తకుండానే. నెల తిరిగేసరికి డాక్టరమ్మ మొహం తేటపడింది. కాన్పు రోజు నర్సు బిడ్డ బరువు ఫరవాలేదు, బాగానే ఉందంటే, అత్తమ్మ ఆ మాట మూడుసార్లు చెప్పించుకుంది.

మొన్న మా అమ్మాయి శ్రీమంతం ఆల్బం ముందేసుకుని కూర్చుంది. ఒక ఫోటోలో కొంగు నిండుగా కప్పుకున్నాను, ఒకదాంట్లో పళ్ల పళ్లెం అడ్డం పెట్టుకున్నాను, మిగతా వాటిలో కుర్చీ వెనక నిలబడ్డాను.

"వీట్ల నేనేడున్న మమ్మీ?" అంది.

కొంగు వెనకాల ఉన్నావన్నాను.

"ఎందుకు దాచినవ్? నేను మంచిగ లేకుంటినా?"

లావుగా కనబడతానని కప్పుకున్న కొంగు అది. నవ్వేసి, పిల్లను దగ్గరికి లాక్కున్నాను. ఫోటోలో ఉన్న ఆ ఇరవై ఆరేళ్ల నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వే వస్తుంది. ఎక్కడైనా ఎదురుపడితే ఏమీ అనను. ఆ కొంగు కాస్త పక్కకు జరిపి, ఒక్క ఫోటో తీయించుకొమ్మంటాను.