కుదుపులు పోయిన కారు

ఈ రోజు అల్ కుసైస్‌లోని మా గ్యారేజీలో ఒక చిత్రం జరిగింది. ఒక అరబ్బు పెద్దాయన పడుచు వయసులో కొనుక్కున్న పాత అమెరికన్ కారుకి సస్పెన్షన్ మొత్తం విప్పి, మునుపటికంటే మేలైన స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు బిగించాను. సాయంత్రం ఆయన భార్యను పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూశాడు. నేను వెనక సీట్లో ఉన్నాను. స్పీడ్ బ్రేకర్లు దాటినట్టే తెలియలేదు. మెచ్చుకుంటాడనుకుంటే, ఆయన ముఖం చిన్నబోయింది.

"ఏం అర్బాబ్, బాగాలేదా?" అని ఆ యజమానిని హిందీలో అడిగాను.

ఆయనా హిందీలోనే అందుకున్నాడు. "పని బాగుంది మిస్త్రీ. కానీ ఇదివరకు కుదుపు వచ్చినప్పుడల్లా ఈవిడ భయపడి నా చెయ్యి పట్టుకునేది. ఇప్పుడు చూడు, తీరిగ్గా దుకాణాలు చూస్తోంది! పాత స్ప్రింగులే వేసెయ్, ఖలాస్!"

ఆవిడకి హిందీ రాదనుకున్నాం ఇద్దరమూ.

"వద్దు భాయ్! నా నడుము ఇన్నాళ్లకి సుఖపడింది," అని ఆవిడ హిందీలోనే అనేసి, నవ్వి, ఆయన చెయ్యి పట్టుకుంది.

గ్యారేజీ దాకా ఆయన ఒంటి చేత్తోనే స్టీరింగ్ తిప్పుతూ, నడిచేవాళ్లు కూడా మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా వచ్చాడు. ఇంతకీ నా పని నచ్చినట్టా, నచ్చనట్టా? మీరే చెప్పండి.