పూజలో ఉండిపోయిన ఏడు కాగితాలు

మా పై ఫ్లాటు పియానో టీచరమ్మ పోయారని శుక్రవారం పొద్దున ఆవిడ కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. పొయ్యి కట్టేసి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. పైనుంచి ఇక ఆ పాట వినపడదన్నది ఒక్కటే తలలో తిరిగింది.

ఉత్తరాలు, సరుకుల చీటీలు తప్ప ఎన్నడూ ఏమీ రాయనిదాన్ని. మన శుక్రవారం భజనలో ఆవిడ గురించి రెండు మాటలు చెప్పమని మీరంతా అడిగారు. లేచాను గాని మళ్ళీ కూర్చుండిపోయాను. నేను చెప్పాల్సింది నిలబడి చెప్పగలిగేది కాదు. అందుకే కలం పట్టాను.

మావారి ఉద్యోగానికని ఈ ఎడారి దేశానికి, ఈ కరామా పేటకు వచ్చిన కొత్తలో, మధ్యాహ్నం పూట బియ్యం ఏరుకుంటూ మొదటిసారి విన్నాను ఆ పాటను. పిల్లలకు నేర్పే పాఠం కాదది. ఎడమచేతి స్వరాలు ఒకేచోట మెల్లగా నడుస్తుంటే, కుడిచేతివి గడప దాకా వచ్చి, ఏదో అడగబోయి, అడక్కుండా వెనక్కి వెళ్ళినట్టుండేవి. నాలుగు రోజులు విన్నాక ఉండబట్టలేక గిన్నెలో పులిహోర పట్టుకుని పైకి వెళ్ళి, అదేం పాటని అడిగాను.

అప్పుడు చెప్పారు. హైదరాబాదు దగ్గర పెట్టిన కొత్త ఫ్యాక్టరీకి చెక్ దేశంవాళ్ళు యంత్రాలిచ్చారట. ఇంజనీరైన భర్తను శిక్షణకు పంపితే ఈవిడా వెంట వెళ్ళారు. అక్కడ కింద వాటాలో ఉండే ఇల్లుగలావిడ దగ్గర పియానో నేర్చుకున్నారు. ఆ పెద్దావిడ జీవితమంతా సంగీతం రాసిందట. ఒక్కటీ అచ్చు కాలేదు. అచ్చువేసేవాళ్ళ దగ్గరికి వెళితే, మీ ఆయన రాసినవేమైనా ఉన్నాయా అని అడిగారట. ఆయనకు ఈల వేయడం కూడా రాదని చెప్పి వచ్చేసిందట. ఈ మాట చెప్పి టీచరమ్మ చాలాసేపు నవ్వారు.

తిరిగొచ్చేనాడు ఆ పెద్దావిడ ఈ పాటనే తన చేత్తో రాసిన ఏడు కాగితాలు ఇచ్చింది. ఆవిడ పోయాక మిగతావన్నీ ఇంట్లోవాళ్ళు పొయ్యిలో పెట్టేశారని తర్వాత ఎవరో ఉత్తరం రాశారట. ఆవిడ పేరు మొదటి కాగితం మీద ఉంది. నాకు నోరు తిరగదు. ముగ్గులో మేము చుక్కలకు గీతలు కలుపుతాం, మీ పియానోవాళ్ళు గీతలమీద చుక్కలు పెట్టారేమిటండీ అని నేనంటే, టీచరమ్మ "రెండూ వాకిట్లోవే అమ్మాయ్, ఒకటి చూడ్డానికి, ఒకటి వినడానికి" అన్నారు.

కొప్పులో పెన్సిలు గుచ్చుకుని, ఏ దేశం పిల్లలకైనా తెలుగులోనే ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేవారు. వాళ్ళకు ఎప్పుడూ ఒకటే మాట: తప్పు పోయిందని ఆగొద్దు, ఆగితే పాటే పోతుంది.

ఏటా మూలా నక్షత్రం రోజున మా పిల్లల పుస్తకాలతో పాటు ఆ ఏడు కాగితాలనూ సరస్వతీదేవి ముందు పెట్టేదాన్ని. ఆవిడే తెచ్చి ఇచ్చేవారు. దశమినాడు ఉద్వాసన చెప్పాక పైకి తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని.

పోయిన దసరా నాటికి ఆవిడ వేళ్ళు వణకడం మొదలైంది. పాట సగం దాకానే వచ్చేది. తను పోయేలోగా దాన్ని ఎవరి చేతిలోనైనా పెట్టాలని ఒకటే ఆరాటం. ఆవిడ దగ్గర నేర్చుకునే ఒక పిల్ల తండ్రి హోటల్లో పనిచేస్తాడు. అక్కడ పియానో వాయించే చెక్ దేశస్థుణ్ణి నవమినాడు మధ్యాహ్నం ఆయనే తీసుకొచ్చాడు. టీచరమ్మ కిందికి వచ్చి, చెప్పులు విడిచి, మా గడప దగ్గర నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆ కాగితాలు ఒక్క గంట తీస్తావా?"

"ఉద్వాసన చెప్పకుండా ఎలా తీస్తానండీ? రేపు పొద్దున్నే నేనే తెచ్చిస్తాను."

ఆవిడ లోపలి దీపం వైపు చూశారు. సరేనని వెళ్ళిపోయారు.

మర్నాడు కాగితాలు పట్టుకుని పైకి పరిగెత్తితే, ఆ పియానో అతను నిన్న సాయంత్రమే విమానమెక్కేశాడని చెప్పారు. నిన్ననే ఎందుకు చెప్పలేదని ఏడ్చాను.

"చెబితే నువ్వు అమ్మవారికీ నాకూ మధ్య నలిగిపోతావు."

చెప్పి ఉంటే తీసి ఇచ్చేదాన్నా? ఇప్పటికీ తెలియదు. దేవుడి ముందు కూర్చుని రోజూ అదే అడుగుతున్నాను.

మెట్రో కోసం తవ్విన రోడ్లమీద ట్యాక్సీలో ఆ హోటల్‌కు వెళ్ళాను. కాంట్రాక్టు ఖలాస్ అన్నారు. వాళ్ళిచ్చిన ఫోన్ నంబరు పలకలేదు. అప్పుడు టీచరమ్మ నాకే నేర్పడం మొదలుపెట్టారు, భజనలో నాకొచ్చిన సరిగమలతో, నోటితో. రోజూ సాయంత్రం ఒక్కో వరుస. మొదటి కాగితం పూర్తయ్యేసరికి ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చారు.

ఆవిడ పోయే ముందురోజు, గురువారం వెళ్ళి చెవి దగ్గర మెల్లగా పాడాను. దుప్పటి మీద ఆవిడ వేళ్ళు కదిలాయి. మొదటి కాగితం అయిపోయింది. పేజీ తిప్పమన్నట్టు చూపుడువేలు ఎత్తారు. నాకు అంతవరకే వచ్చు. ఆగిపోయాను. ఆ వేలు అలాగే చాలాసేపు ఉంది.

పియానో ఎవరికో ఇచ్చేశాడు కొడుకు. మంచివాడే. "ఆంటీ, ఆ పాత కాగితాలు మీరే ఉంచుకోండి, మాలో ఎవరికీ చదవడం రాదు" అన్నాడు. సంగీతం సామాన్ల దుకాణంలో చూపిస్తే, పేరున్నవాళ్ళవైతే చూస్తామన్నారు. వచ్చే నెల మావారి ఉద్యోగం అయిపోతుంది, మేమూ వెళ్ళిపోతాం. మా ఊళ్ళో వీటిని చదివేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

అందుకే ఆ ఏడింటినీ, ఈ రాతనూ ఒకే కవరులో మన భజన బీరువాలో పెడుతున్నాను. ఈ రాతను దాచండి, ఎవరికీ చూపించకండి. ముఖ్యంగా ఆ కొడుక్కి. తల్లి చివరికి అడిగింది దక్కలేదని అతనికి తెలియనక్కర్లేదు. పాట చదవగలవాళ్ళు ఎవరైనా వస్తే మాత్రం, కాగితాలు పూజలో ఉన్నా సరే, ఆ నిమిషమే తీసి ఇవ్వండి. మొదటిదాని కింది మూల నా కుంకుమ మరక ఉంటుంది. అక్కడివరకు నేను పాడాను. రెండోదాని కోసం ఆవిడ వేలు ఇంకా ఎత్తే ఉంది.